గండుచీమల గాజు ఇల్లు

నేను ఒక గాజు ఇంటిని. నా కొలతలు విని నవ్వకండి, అరలో నాలుగు లావుపాటి పుస్తకాలు పట్టేంత చోటు చాలు నాకు. ముందొక అద్దం, వెనకొక అద్దం, నడుమ గట్టిపడిన ప్లాస్టర్. ఆ ప్లాస్టర్‌లో తొలిచిన గదులు, గదులను కలిపే సన్నటి దారులు. పక్కనుంచి ఒక ప్లాస్టిక్ గొట్టం బయల్దేరి మూత ఉన్న చిన్న డబ్బాలోకి పోతుంది. గదుల్లో కాపురం, డబ్బాలో భోజనం. నాలో కాపురమున్నవి గండుచీమలు. నల్లగా, నిదానంగా, బియ్యపుగింజ కన్నా పెద్దగా ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. అవి ఎలా పోయాయో మొదటినుంచి చివరిదాకా చూసింది నేనే. నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని.

నన్ను పుట్టించింది గుంటూరులో పటాలు కట్టే మస్తాన్ అనే పెద్దాయన. ఆయన కొట్టు నిండా దేవుళ్ళూ, పోయినవాళ్ళూ. గోడలకు చోటు చాలక నేల మీద కూడా ఒకరికొకరు ఆనుకుని నిలబడి ఉండేవారు. ఆ కొట్టుకి ఒక మధ్యాహ్నం శేషుకుమారి వచ్చింది, వెంట అక్క కూతురు తనూజను తీసుకుని. తనూజ చేతిలో తను గీసుకున్న బొమ్మ ఉంది. మస్తాన్ ఆ కాగితాన్ని దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు.

"చేపలకా అమ్మా?" అన్నాడు.

"చీమలకండీ," అంది శేషుకుమారి.

"చీమలు రాకుండానా?"

"వచ్చి ఉండటానికి."

ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని పిన్నినీ పిల్లనీ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత ఏమీ అడగలేదు. పది మందికి పదిరకాల పిచ్చి ఉంటుందని పటాల కొట్టువాడికి ఒకరు చెప్పాలా? వారం తిరిగేసరికి నేను తయారయ్యాను. అది తనూజ పుట్టినరోజుకి వాళ్ళ పిన్ని చేయించి ఇచ్చిన కానుక.

ఈ పిన్ని సంగతి కొంచెం చెప్పాలి. శేషుకుమారి మొగుడితో పొసగక, పుట్టింట్లో ఎవరూ మిగలక, అక్క హైమావతి ఇంటికి వచ్చి చేరింది. బావ మల్లేశ్వరరావుకి పురుగుమందుల కొట్టు ఉంది, రెండంతస్తుల ఇల్లు ఉంది. కింద వెనకవైపు పోర్షన్ ఖాళీగా ఉంటే ఈమెకు ఇచ్చాడు. ఆమె అక్కడ మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టుకుంటూ బతికేది. ఎవరినీ ఏదీ అడిగేది కాదు. బావ మెట్లమీద ఎదురైతే గోడవైపుకి ఒదిగి దారి ఇచ్చేది. ఆమె గొంతు పెద్దదిగా వినిపించేది తనూజతో మాట్లాడేటప్పుడే.

తనూజ చీమలను కొనలేదు, పట్టుకుంది. తొలకరి వాన పడ్డ సాయంత్రం వరండా లైటు చుట్టూ రెక్కల చీమలు ముసిరాయి. వాటిలో రెక్కలు రాల్చుకుని నేలమీద తచ్చాడుతున్న ఒక పెద్ద చీమను తీసి గాజు గొట్టంలో పెట్టింది. గొట్టం అడుగున నీళ్ళు, నీళ్ళకు అడ్డంగా దూది. అది రాణి. ఆ రాణి గుడ్లు పెట్టి, పిల్లలు పుట్టేదాకా నెల పైగా గొట్టంలోనే ఉంది. పిల్లలు కాస్త పెరిగాక అందరినీ నాలోకి మార్చారు. నాలోకి వచ్చిన రోజున ఆ పిల్ల, పిన్నికి వివరంగా చెప్పింది.

"ఇన్నాళ్ళూ ఇది ఏమీ తినలేదు పిన్నీ. రెక్కలు ఆడించే కండలుంటాయి చూడు, అవి లోపలే కరిగించుకుని పిల్లలకి పెట్టింది."

"మరి దానికో?"

"దానికేం లేదు."

శేషుకుమారి అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూసింది. ఆమె ఊపిరికి నా అద్దం మసకబారింది.

రెండేళ్ళలో నా గదులన్నీ నిండాయి. తనూజ బడినుంచి రాగానే సంచీ పడేసి, పైన తన గదిలో బల్లమీదున్న నా దగ్గరికే ముందు వచ్చేది. సీసామూతలో తేనె చుక్క, ఉడికించిన గుడ్డు పచ్చసొన పొడి, అప్పుడప్పుడూ చచ్చిన మిడత కాలో బొద్దింక రెక్కో వేసేది. డబ్బాలో దూది బిగించి పెట్టిన నీళ్ళ గొట్టం తగ్గితే నింపేది. ఒక చీమ వచ్చి తేనె తాగి, కడుపు ఉబ్బించుకుని లోపలికి పోయి, ఎదురొచ్చిన ప్రతిదానికీ నోటితో నోటికి పంచేది. ఆ ఇంటి మనుషులు మాత్రం తలా ఒక గదిలో కంచం పెట్టుకుని తినేవాళ్ళు. చీమల సంగతి చూడాల్సిన ఆ పిల్ల కూడా నా ముందు కూర్చునే తినేది.

మల్లేశ్వరరావుకి ఇది మొదట్లో నవ్వులాట. "నేనేమో వీటిని చంపే మందులమ్ముతా, నా కూతురేమో వీటిని సాకుద్ది," అని కొట్టుకు వచ్చిన రైతులకు చెప్పుకునేవాడట. పదో తరగతి పరీక్షలు అయ్యాక నవ్వు పోయింది. ఆయన తనూజను డాక్టరు చెయ్యాలనుకున్నాడు. ఊరికి అవతల హాస్టలున్న పేరున్న కాలేజీలో సీటు మాట్లాడి వచ్చాడు. తనూజ పోనంది.

"ఇక్కడే చేరతా నాన్నా. ఇంటినుంచి పోయొస్తా. చదవనని అన్లేదుగా."

"ఇంటినుంచి ఎందుకు?"

ఆ పిల్ల తిన్నగా జవాబు చెప్పింది. అదే ఆమె చేసిన పొరపాటు. "వీటికెవరు పెడతారు?" అంది నావైపు చూపించి.

మల్లేశ్వరరావు కొట్టలేదు, తిట్టలేదు. నన్ను ఒక్క క్షణం చూశాడు. సరుకు పాతబడిపోయిందా అని డబ్బా తిప్పి చూసే వ్యాపారి చూపు అది. ఆ రాత్రి రెండు వారాల ఊటీ టూరు మాట ఎత్తాడట. మర్నాడు తనూజ గంతులేస్తూ వచ్చి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. పరీక్షలు బాగా రాసినందుకు నాన్న తీసుకుపోతున్నాడని అందరికీ చెప్పుకుంది.

బయల్దేరే ముందు పిన్నిని పైకి పిలిచి పని అప్పగించింది. "రోజూ ఒక చుక్క తేనె చాలు పిన్నీ. ఎక్కువ పోస్తే కాళ్ళు అతుక్కుని చస్తాయి. ఈ నీళ్ళ గొట్టం మాత్రం ఎండనివ్వకు. ఎండలు మండిపోతున్నాయి, తిండి లేకపోయినా ఆగుతాయిగాని నీళ్ళు లేకపోతే ఆగవు."

"నేను చూసుకోనా? నువ్వు పోయి చల్లగా తిరిగిరా," అంది శేషుకుమారి.

హడావిడిలో తనూజ వంటింట్లో పడున్న ఒక బొద్దింకను తెచ్చి నా డబ్బాలో వేసింది. ఊరికి పోతున్నాగదా, మంచి విందు పెట్టి పోదామని. ఆ బొద్దింక వల్ల చీమలకు ఏ హానీ జరగలేదు. అది మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆ పిల్లకు తెలియలేదు.

మర్నాడు తెల్లవారి కారులో సామాను ఎక్కిస్తున్నారు. హైమావతి ఇల్లంతా తిరుగుతూ కిటికీ గట్లమీదా గడపల దగ్గరా చీమల మందు చాక్‌పీసుతో తెల్లగా గీతలు గీసింది. మూసిన ఇంట్లో పురుగూ పుట్రా చేరకూడదని ఆమె బాధ. ఈ గదిలో తనూజ ఎప్పుడూ గీయనిచ్చేది కాదు. ఆ రోజు కిందనుంది కాబట్టి ఈ కిటికీకీ ఒక గీత పడింది. ఆమె వెళ్ళాక మల్లేశ్వరరావు తాళాల గుత్తితో లోపలికి వచ్చాడు, వెనక శేషుకుమారి వచ్చింది.

"మొక్కలకి నీళ్ళు పొయ్యి శేషూ. ఫ్రిజ్‌లో పాలున్నయ్యి, తీసుకపో." నావైపు తల తిప్పాడు. "దీని జోలికి మాత్రం పోవద్దు."

"పాప అప్పజెప్పింది బావా. రోజూ తేనె పెట్టమని."

"చెప్పుద్ది. నువ్వు పెట్టొద్దు. నీళ్ళూ పొయ్యొద్దు."

శేషుకుమారి చీర కొంగు వేలికి చుట్టుకుంది. "చచ్చిపోతాయి బావా. అది ఏడుస్తది."

"ఏడుస్తది. నాలుగు రోజులేడిచి మర్చిపోద్ది. నేను తీసి పారేశాననుకో, జన్మంతా నా మీద పెట్టుకుంటది. వాటంతటవి పోతే ఎవరి తప్పూ లేదు." గొంతు చాలా మెత్తగా ఉంది. "నువ్వు మాత్రం దాని మంచి కోరవా ఏంది? పిల్ల జీవితం చీమల పాలు చేసుకుంటంటే చూస్తా కూర్చుంటామా?"

"అది కాదు బావా."

"కింద పోర్షను గోడౌనుకి ఇవ్వమని నలుగురు అడుగుతున్నారు. మా మరదలుంటంది, ఇచ్చే పని లేదని చెప్పి పంపిస్తన్నా. ఆ సంగతి నీకు తెలియాలని చెప్తన్నా, అంతే."

ఆయన తాళాలు ఆమె చేతిలో పెట్టి దిగిపోయాడు. చంపమని ఒక్క ముక్క అనలేదు. రైతులకు మందు డబ్బా ఇచ్చి ఎంత కలపాలో చెప్పినట్టే చెప్పాడు. కింద కారు కదిలింది. తనూజ కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఉంటుంది, నాకు కనపడలేదు.

ఆ రోజునుంచి శేషుకుమారి పొద్దున్నే వచ్చేది. మొక్కలకు నీళ్ళు పోసి, తనూజ కుర్చీ లాక్కుని నా ముందు కూర్చునేది. ఇంతలో ఫోన్ మోగేది. వీడియోలో తనూజ. వెనక పొగమంచు, చెట్లు.

"పెట్టావా పిన్నీ?"

"పెట్టానమ్మా."

"చూపించు."

శేషుకుమారి కింద తన పోర్షన్‌నుంచి తెచ్చుకున్న తేనె సీసాలోంచి ఒక చుక్క సీసామూతలో వేసి ఫోన్ ముందు పట్టుకునేది. "అబ్బ, ఎంత బాగుందో. వాటికి నేనెళ్ళానని చెప్పావా?" అని ఆ పిల్ల నవ్వేది. ఫోన్ పెట్టేశాక శేషుకుమారి ఆ చుక్కను కొంగు అంచుతో తుడిచేసేది. తుడిచేటప్పుడు నావైపు చూసేది కాదు. ఆమె కొంగంతా తేనె మరకలు.

గది తలుపులు మూసి ఉన్నాయి. గుంటూరు మే నెల ఎండ కిటికీ అద్దం గుండా పడి ప్లాస్టర్ వేడెక్కింది. గొట్టంలో నీళ్ళు దూదిదాకా దిగి, దూది ఎండిపోయింది. పనిచీమలు ఖాళీ డబ్బాలోకి వచ్చి, మూత అంచులు వెతికి, తిరిగిపోయి, లోపల ఒకదాని నోటికి ఒకటి నోరు అందించేవి. ఇవ్వడానికి ఏమీ ఉండేది కాదు. అయినా అందించేవి. కొన్ని రోజులకు పిల్లపురుగులను తినడం మొదలుపెట్టాయి. దాన్ని క్రూరత్వం అనుకోకండి, ఆ నీరంతా రాణికి పోయింది.

ఒకరోజు శేషుకుమారి ఉండబట్టలేకపోయింది. వీడియో అయ్యాక చుక్కను తుడవలేదు. మూత లోపల పెట్టింది, చెంబుతో నీళ్ళు తెచ్చి గొట్టం సగం నింపింది. అవి మీద పడిన తీరు చూసి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ మధ్యాహ్నమే మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి బావ.

"ఎట్టున్నయ్యి అవి?"

"ఇంకా ఉన్నయ్యి బావా."

"ఇంకానా? నువ్వేమన్నా పెడుతున్నావా?"

"లేదు బావా."

ఆమె గొట్టం తీసి కిటికీలోంచి నీళ్ళు పారబోసింది. మూత కడిగేసింది. ఆమె వాటికి చేసిన అన్నిటిలో ఆ ఒక్క రోజు దయే ఎక్కువ బాధ పెట్టింది. పోవలసినవి ఇంకొన్ని రోజులు సాగాయి.

ఆ తర్వాత ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఒకరోజు పొద్దున వచ్చి, మొక్కల దగ్గరికి కూడా పోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది. నన్ను రెండు చేతులా ఎత్తి కిటికీ గట్టుమీద పెట్టింది. కిటికీ రెక్క తెరిచింది. డబ్బా మూత తీసింది.

"పొండమ్మా," అంది. "ఎక్కడికన్నా పోయి బతకండి. ఆయన పెట్టొద్దన్నాడుగాని, పోనివ్వద్దని అనలేదు."

ఆమె ముఖం మొదటిసారి తేటగా ఉంది. ఎవరికీ ఎదురు చెప్పకుండానే ఒక మంచిపని చేసేందుకు దారి దొరికిందనుకుంది. ఆమె చూపు బయట ఉన్న వేపకొమ్మ మీద ఉంది. గట్టు మీదున్న తెల్లగీత మీద లేదు.

చీమలు బయటికి వచ్చాయి. రాణి రాలేదు, రాణిని వదిలి పోయే అలవాటు వాటికి లేదు. బలమున్నవి నీళ్ళ కోసం, తిండి కోసం బయల్దేరాయి. గీత దాటాయి. కొన్ని వేపకొమ్మ దాకా పోయి నోట్లో ఏదో పట్టుకుని మళ్ళీ అదే గీత మీదుగా తిరిగి వచ్చాయి. సాయంత్రానికి తూలడం మొదలుపెట్టాయి. లోపలున్నవి వాటిని నాకి శుభ్రం చేశాయి. శుభ్రం చేసినవీ తూలాయి.

మర్నాడు శేషుకుమారి వచ్చేసరికి గట్టుమీద గీత పొడవునా అవే పడి ఉన్నాయి. ఆమె చూపుడువేలు గీతమీద పెట్టి తీసి, వేలికి అంటిన తెలుపును చూసుకుంది. తర్వాత పరుగులాంటి నడకతో పోయి నీళ్ళు తెచ్చి గొట్టం నిండా పోసింది. తేనె చుక్క వేసింది. గుడ్డు ఉడికించి తెచ్చి పచ్చసొన నలిపి వేసింది. "తినండి, తినండి," అంటూనే ఉంది. లోపల రాణి ఒక్కటే కాళ్ళు కదుపుతోంది. మరుసటి రోజుకి అదీ ఆగింది.

ఆమె గట్టు ఊడ్చింది, గీత తుడిచింది, మూత బిగించి నన్ను తీసుకొచ్చి బల్లమీద మునుపటి చోటులోనే పెట్టింది. ఫోన్ మోగింది. "పెట్టానమ్మా," అంది. ఈసారి అది అబద్ధం కాదు.

వాళ్ళు తిరిగివచ్చారు. తనూజ మెట్లెక్కుతూనే, "పిన్నీ, ఎలా ఉన్నాయి?" అంటోంది. గదిలోకి వచ్చింది. అద్దం దగ్గర వంగింది. వేలితో చిన్నగా తట్టింది. మళ్ళీ తట్టింది.

హైమావతి అయ్యో అంది. మల్లేశ్వరరావు వచ్చి కూతురి తలమీద చెయ్యి వేశాడు. "ప్రాణులన్నాక పోతయ్యి తల్లీ. ఎండ ఎట్టుందో చూశావుగా. పోన్లే." గొంతులో నిజంగానే జాలి ఉంది. మనుషులకు అది సాధ్యమే అని నాకు ఆ రోజు తెలిసింది.

ఆ పిల్ల నా డబ్బా మూత తీసి చూసింది. తేనె చుక్క తాజాగా మెరుస్తోంది. గొట్టంలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. పచ్చసొన ఉంది. అంటే పిన్ని ఏ లోటూ చెయ్యలేదు. తప్పు తనదే అయ్యుండాలి. ఆలోచించింది, దొరికింది.

"ఆ బొద్దింక," అంది. "పోయే ముందు వంటింట్లోది వేశాను. అమ్మ మందు కొట్టి ఉంటుంది. చూసుకోకుండా వేశాను."

శేషుకుమారి గుమ్మంలో నిలబడి ఉంది. తనూజ వెళ్ళి ఆమెను పట్టుకుని భుజంమీద తలపెట్టి ఏడ్చింది. "నువ్వేం బాధపడకు పిన్నీ. నువ్వు బాగానే పెట్టావు. నేనే చంపాను."

శేషుకుమారి నోరు తెరిచింది. అక్కడ మల్లేశ్వరరావు ఉన్నాడు. నోరు మూసుకుని ఆ పిల్ల వీపు నిమిరింది.

జూన్‌లో తనూజ హాస్టలుకి పోయింది. మారు మాట్లాడలేదు. నన్ను కడిగి బీరువా పైన పెట్టి పోయింది. సెలవులకు వచ్చినప్పుడు నావైపు చూసేది కాదు. ఒకసారి గదిలోకి దారితప్పి వచ్చిన ఒక చీమను కాగితం మీదకు ఎక్కించుకుని బయట వదిలి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చింది. బాగా చదువుతోందని ఇంట్లో చెప్పుకునేవారు.

రెండేళ్ళకు మెడిసిన్‌లో సీటు వచ్చింది. ఇంటినిండా బంధువులు. ఆ గదిలోనే ఏసీ ఉంది కాబట్టి అందరూ మంచంమీద, కింద, గుమ్మంలో సర్దుకుని కూర్చున్నారు. మల్లేశ్వరరావు ఆ రోజు చాలా సంతోషంగా ఉన్నాడు. ఎవరో, "పిల్లనింత దారిలో పెట్టావంటే గొప్పే బావా," అన్నారు.

"దారిలో పెట్టటానికి నేను పడ్డ తిప్పలు దీనికే తెలియదు," అన్నాడు ఆయన నవ్వుతూ. బీరువా పైన నన్ను చూపించాడు. "అదిగో, ఆ చీమల కోసం హాస్టలుకి పోనని కూర్చుంది. ఏం చెయ్యాల? ఊటీ తీసుకపోయి, ఇక్కడ శేషూకి చెప్పా, చుక్క తేనె పెట్టొద్దు, చుక్క నీళ్ళు పొయ్యొద్దని. మేమొచ్చేసరికి సాఫు. అవి పోబట్టేగా ఇవాళ డాక్టరయింది. ఇప్పుడు చెప్పొచ్చులే, సీటొచ్చిందిగా."

అందరూ నవ్వారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. తనూజ చేతిలో స్వీట్ల పళ్ళెం ఉంది. ఆమె కూడా కొద్దిగా నవ్వింది, నలుగురూ నవ్వుతున్నారు కాబట్టి. శేషుకుమారి నీళ్ళ గ్లాసుల ట్రేతో గుమ్మంలో ఉంది.

భోజనాలకు అందరూ డాబామీదకు పోయాక వాళ్ళిద్దరే మిగిలారు.

"బొద్దింక వల్ల కాదా పిన్నీ?"

"కాదు తల్లీ."

"మరి ఫోన్లో చూపించిన తేనె?"

"చూపించి తుడిచేసేదాన్ని."

"మేమొచ్చిన రోజు నీళ్ళున్నాయి. తేనె ఉంది."

"అవి పోతన్నప్పుడు పెట్టా." శేషుకుమారి ట్రే కింద పెట్టింది. చెప్పడం మొదలుపెడితే కొంత తేలికవుతుందనుకుందేమో. "ఆకలికి పోలేదు తనూ అవి. నేను చూడలేక మూత తీసి కిటికీలో పెట్టా. బయటకు పోయి బతుకుతాయని. మీ అమ్మ గీసిన గీత చూసుకోలేదు."

తనూజ కిటికీవైపు చూసింది. "నాకు చెప్పుండొచ్చుగా. ఫోన్లో."

"మీ నాన్న పక్కనుంటాడుగదమ్మా. నేను వాళ్ళ ఇంట్లో ఉన్నదాన్ని."

"తర్వాత? ఈ రెండేళ్ళలో?"

శేషుకుమారి వంగి ట్రేలో గ్లాసులను దగ్గరకు జరిపింది.

"నీ భుజంమీద తల పెట్టి ఏడ్చాను పిన్నీ. నేనే చంపానని చెప్పాను. నువ్వు విన్నావు. విని నా వీపు నిమిరావు."

ఆమె అరవలేదు. పళ్ళెం అక్కడే పెట్టి డాబామీదకు పోయింది. మర్నాడు మల్లేశ్వరరావు గదిలోకి వచ్చి, "కోపమొచ్చిందా తల్లీ? నీ మంచికేగదా," అంటే, "లేదు నాన్నా," అంది. కాలేజీకి పోయే రోజున ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టింది. ఆయన పెట్టె మోస్తానంటే మోయనిచ్చింది. ఆయన మీద కోపం పెట్టుకుంటే ఫీజు దగ్గరనుంచి పెళ్ళిదాకా అన్నీ తగులుకుంటాయి. పిన్నిమీద పెట్టుకుంటే ఏదీ ఆగదు. ఇదంతా ఆ పిల్ల లెక్కవేసుకుని చేసిందని నేను అనను. నీళ్ళకు పల్లం ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

సామాను సర్దుతుండగా హైమావతి నన్ను చూపించి, "దీన్నేం చెయ్యమంటావే?" అని అడిగింది.

"పిన్నికియ్యి," అంది తనూజ.

అలా నేను కిందకు వచ్చాను. శేషుకుమారి నన్ను మిషను బల్ల పక్కన పెట్టుకుంది. నాలో దారాలు పెట్టలేదు, గుండీలు పెట్టలేదు. జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళు ఇదేమిటని అడిగితే మాట మార్చేది. సెలవులకు తనూజ వచ్చినప్పుడు మెట్లమీద అడుగుల చప్పుడు వినిపిస్తే మిషను ఆపేది. అడుగులు పైకే పోయేవి. పులిహోర చేసి పంపితే గిన్నె కడిగి వాళ్ళమ్మ చేత పంపేది ఆ పిల్ల. గిన్నె చాలా శుభ్రంగా ఉండేది.

ఒకసారి కుడుతూ కుడుతూ నా అద్దంలో తన ముఖం కనపడి కాబోలు, చెయ్యి ఆగిపోయింది. నాలుగు రోజుల తర్వాత అక్కకు చెప్పింది, చీరాలలో రెడీమేడ్ బట్టలు కుట్టే చోట పని దొరికిందని, అక్కడే గది చూసుకున్నానని. మల్లేశ్వరరావు దిగివచ్చాడు. "ఏం తక్కువ చేశామని పోతన్నావు శేషూ? పొమ్మన్నామా?" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఏం తక్కువ చెయ్యలేదు బావా," అంది ఆమె. ఏ గది కోసం ఆ పని చేసిందో ఆ గదిలో ఆమెకు ఊపిరి ఆడటంలేదని ఆయనకు ఎవరు చెబుతారు?

దసరా సెలవుల్లో ఆమె వెళ్ళింది. ఆటోలో మిషను ఎక్కించారు, బట్టల మూట ఎక్కించారు. నన్ను మోసుకొచ్చి ప్రహరీగోడమీద పెట్టింది. పెట్టేటప్పుడు గోడకు తగిలి నా అద్దం మూల విరిగింది. ఆమె దాన్ని చూసింది, నన్ను మళ్ళీ చేతిలోకి తీసుకోలేదు. తనూజ మెట్లు దిగి వచ్చి గేటు దగ్గర నిలబడింది.

"పోయొస్తా తనూ," అంది శేషుకుమారి.

తనూజ తలూపింది. శేషుకుమారి ఇంకొంచెంసేపు చూసి ఆటో ఎక్కింది. అది సందు మలుపు తిరిగేదాకా తనూజ కదల్లేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

ఇప్పుడు నేనున్నది పాతసామాన్ల కొట్టు వెనక గాజు పెంకుల గుట్టలో. నా చుట్టూ పగిలిన మందు సీసాలు, కారు అద్దాలు, ఎవరిదో నిలువుటద్దం. మా అందరినీ కలిపి కరిగిస్తారట. మంచిదే. కరిగాక అద్దానికి తను ఎవరి ఇల్లో గుర్తుండదు.

నన్ను ఇక్కడకు పంపింది తనూజే. ఆ సాయంత్రం పాతసామాన్ల బండి వీధిలోకి వస్తే పిలిచి, గోడమీంచి నన్ను తీసి అతని చేతికి ఇచ్చింది. అతను ఒంటిచేత్తో అందుకోబోయాడు.

"ఆ మూల విరిగుందన్నా, చూసి పట్టుకో," అంది. "చెయ్యి తెగుతుంది."

అతను గోనెపట్టా చుట్టి పట్టుకున్నాడు. అప్పటిదాకా ఆ పిల్ల నన్ను వదల్లేదు. చాలా మంచి పిల్ల. రేపు డాక్టరు అవుతుంది. ఎవరికైనా దెబ్బ తగులుతుందంటే ఊరికే చూస్తూ నిలబడలేదు.